దానమ్మ గారి ఇంటి మీద జెండా

1938 జనవరి ఇరవై ఆరో తేదీన, తూర్పు ఇంకా సరిగా తెల్లబడక ముందు, తాడేపల్లిగూడెం దాటాక కాలవ మీద వచ్చే మొదటి వంతెన దగ్గర, జాతీయ జెండా బియ్యం వర్తకులు నాగభూషణరావు గారి మీద పడింది.

జెండాతో పాటు తెరచాప కొయ్య కూడా వాలింది కాని, అది మర్యాద తెలిసినది కనుక ఆయనకి జానెడు దూరంలో ఆగింది. జెండా ఆగలేదు. నాగభూషణరావు గారు ఆ సమయంలో పడవలో తన బియ్యం బస్తాల మీద జంపఖానా పరుచుకుని, ఒడిలో సత్తు క్యారేజీ పెట్టుకుని, సాయంత్రం కైకరం సభలో చెప్పవలసిన ఉపన్యాసాన్ని పెదవులతో వల్లె వేసుకుంటున్నారు. "ఈ పతాకపు నీడలో" అన్న చోటికి వచ్చారు. పతాకం వచ్చింది.

మంచుకి తడిసిన గుడ్డ కావడం వల్ల ముఖానికి, ఛాతీకి, పొట్టకి అతుక్కుపోయింది. ఆయన "ఎవర్రా!" అని రెండు చేతులూ విసిరారు. క్యారేజీ గాల్లోకి లేచి, ఆయన భార్య జానకమ్మ గారు కోడి కూయకముందే లేచి కలిపిన పులిహోరతో సహా కాలవలో పడి, ఒక్క బుడగ వదిలి మునిగిపోయింది. జెండా ఒలిచి తీశాక చూస్తే, మల్లెపువ్వులా ఉండవలసిన ఖద్దరు లాల్చీకి భుజాల దగ్గర కావిరంగు, కింద అంచున ఆకుపచ్చ, నడుమ బొజ్జ మీద నల్లగా రాట్నం అచ్చుపడ్డాయి. రంగుల వరస తప్పలేదు. ఆ మాట అందరూ ఒప్పుకోవాలి.

చుక్కాని దగ్గర నిలబడ్డ అహరోను మోకు ఇంకా చేతిలోనే పట్టుకుని, "వంతెనొచ్చిందండి" అన్నాడు.

అతని తప్పు లేదు. కాలవ మీద బతికేవాడికి వంతెన కనపడితే చెయ్యి దానంతటదే మోకు మీదికి పోతుంది. కొయ్య వాల్చాలి, వంతెన కింద దూరాలి, అవతల మళ్లీ లేపాలి. ఇరవై ఏళ్లుగా అదే పని. కొయ్య మీద ఇవాళ జెండా ఉందన్న సంగతి బుర్రకి తెలుసు. చేతికి ఎవరూ చెప్పలేదు.

చెప్పవలసిన మనిషి అతని భార్య దానమ్మ. ఆవిడ వంట మూలలో పొయ్యి ఊదుతూ ఉండిపోయింది. ఇప్పుడు లేచి వచ్చి, ముందు జెండాని చూసింది, తరువాత మొగుణ్ణి చూసింది, ఆఖర్న నాగభూషణరావు గారిని చూసింది. ఆ వరస ఆయనకి నచ్చలేదు.

"దిగిందా లేదా?" అన్నారాయన ముఖం తుడుచుకుంటూ. "మనం అనుకున్న మాటేమిటి? పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా జెండా దిగకుండా ఉంటే ఇల్లని ఒప్పుకుంటానన్నాను. మొదటి వంతెనకే దిగింది. అయిపోయింది. ఇది పడవే."

దానమ్మ తూర్పు వైపు చెయ్యి చాపింది. "పొద్దు ఏదండీ?"

నలుగురూ చూశారు. నలుగురంటే ఆ ముగ్గురూ, గట్టు మీద తాడు భుజాన వేసుకుని పడవ లాగుతున్న అహరోను తమ్ముడు క్రీస్తుదాసూ. కోసిన చేల మీద మంచు పరుచుకుని ఉంది. ఆకాశం ఎర్రబడింది గాని సూర్యుడు మాత్రం ఇంకా రాలేదు.

"పొడవలేదండి," అంది దానమ్మ. "లెక్క మొదలవ్వలేదండి."

నాగభూషణరావు గారు వ్యాపారస్తులు. మాటంటే మాటే. పొద్దుపొడుపు అన్నది తానే. ముఖం తుడుచుకోవడం మళ్లీ మొదలుపెట్టారు.

ఇంతకీ ఈ పందెం ఎలా వచ్చిందో చెప్పాలి. మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక, జెండా పట్టుకుంటే లాఠీ విరిగే రోజులు పోయాయి. ఆ ఏడు స్వాతంత్ర్య దినానికి ప్రతి ఇంటి మీదా జెండా ఎగరాలని అనుకున్నారు. తాడేపల్లిగూడెంలో ఇంటింటికీ జెండా పంచే పని నాగభూషణరావు గారు తీసుకున్నారు. మంచి మనిషి, ఏ గుమ్మం వదలకుండా తిరిగారు. కాలవ ఒడ్డు వీధి పూర్తి చేసి వెనక్కి తిరుగుతుంటే, ఒడ్డుకి కట్టిన పడవలోంచి దానమ్మ చెయ్యి చాపింది.

"మాకండి?"

"మీకేమిటమ్మా?"

"జెండా అండి. ఇంటికొకటి అంటున్నారు కదండీ."

"ఇంటికమ్మా. ఇది పడవ."

"మా ఇల్లేనండి."

నాగభూషణరావు గారు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పసిపిల్లల మాటలకి నవ్వే నవ్వు. "ఇల్లంటే పునాది ఉండాలి, గడప ఉండాలి. నిన్న ఏలూరులో, ఇవాళ ఇక్కడ, రేపెక్కడో. ఇలాంటిది ఇల్లెలా అవుతుంది?"

ఆ మాట దానమ్మకి కొత్త కాదు. జనాభా లెక్కల వాళ్లు ఊళ్లో తలుపు తలుపుకీ గుర్తు వేసుకుంటూ వచ్చి, పడవ దగ్గర ఆగి, తలుపు ఎక్కడుందో తెలియక, వీళ్లని దేశదిమ్మరుల్లో కలిపేసి పోయారు. తాడేపల్లిగూడెం గుళ్లో ఫాదరీ గారు ఏలూరు సంఘం మనుషులన్నారు, ఏలూరు ఫాదరీ గారు తాడేపల్లిగూడెం అన్నారు. అప్పుడు నవ్వి ఊరుకుంది. ఇప్పుడు ఊరుకోలేకపోవడానికి వేరే కారణం ఉంది. కూతురు సత్యవతి ఏలూరు మిషను బడి బోర్డింగులో చదువుతోంది. తోటిపిల్లలు "మీ ఇల్లెక్కడే?" అంటే ఆ పిల్ల, "మా ఇంటికి నేను వెళ్లక్కర్లేదు, మా ఇల్లే నన్ను చూడ్డానికి వస్తుంది" అని గొప్పగా చెప్పేది. మొన్న క్రిస్మసుకి మాత్రం అంత గొప్పగా చెప్పలేదు. "జెండా రోజు మా ఇంటి మీద ఎగరేస్తారు, మా ఇంటి మీద ఎగరేస్తారు అంటున్నారే అమ్మా అందరూ. నేనేం చెప్పను?" అని అడిగింది. "మన ఇంటి మీదా ఎగురుద్దని చెప్పు" అంది దానమ్మ. చెప్పేసింది కనుక ఎగరాలి.

"మా పుట్టింటికి పునాది ఉండేదండి," అంది దానమ్మ నాగభూషణరావు గారితో. "కొల్లేటి లంకలో. గడపా ఉండేది. మా అమ్మ పసుపు రాయదు గాని రోజూ కడిగేది. వరదొచ్చి మూడుమాట్లు కొల్లేరు మింగేసిందండి. పునాదితో సహా. ఈ ఇంటికి వరదొస్తే ఏమవుద్దో తెలుసాండి? పైకి లేస్తాది."

వీధిలో వాళ్లు నవ్వారు. నాగభూషణరావు గారికి ఆ నవ్వు ఎవరి వైపు నుంచి వచ్చిందో తెలియలేదు. ఆయన తన ఆఖరి అస్త్రం తీశారు.

"సరే, ఇల్లే అనుకో. ఇంటి మీద జెండా పొద్దుపొడుపు నుంచి పొద్దుగూకేదాకా దిగకూడదు. మరి నువ్వు వంతెన వంతెనకీ కొయ్య వాలుస్తావు. జాతీయ జెండా వంతెన వంతెనకీ తల దించడమా? ఎంత అపచారం!"

"దిగదండి."

"ఎలా దిగదు?"

ఎలాగో దానమ్మకి కూడా తెలియదు. "మీరే చూస్తారు కదండీ," అంది. ఎందుకంటే జనవరి ఇరవై ఆరున ఆయన బియ్యం ఏలూరు వెళ్లేది ఈ పడవలోనే. దారి పొడుగునా కాలవగట్టు ఊళ్లలో జెండాలు పంచి, సాయంత్రానికి కైకరంలో దిగి సభలో మాట్లాడాలని ఆయన కూడా అందులోనే బయలుదేరుతున్నారు. రైలు ఉంది గాని, రైలు ఆయన ఆపమన్న చోట ఆగదు.

జెండా ఆయన ఇవ్వలేదు. దానమ్మే కుట్టింది. పైన ముక్కకి కావిరాయి అరగదీసి రంగు వేసింది, కింద ముక్కకి చిక్కుడాకు పసరు పిండింది. నడుమ దీపం మసితో రాట్నం గీసింది. రాట్నాన్ని ఎప్పుడూ దగ్గరగా చూడలేదు కనుక అది కాస్త కొల్లేటి పీతలా వచ్చింది. క్రీస్తుదాసు చూసి, "వదినా, దీన్ని కొయ్యకి కడతావా, పులుసులో వేస్తావా?" అన్నాడు. ఆ పీతే ఇప్పుడు నాగభూషణరావు గారి బొజ్జ మీద ఎనిమిది కాళ్లూ చాపుకుని కూర్చుంది.

ఇప్పుడు మళ్లీ వంతెన దగ్గరికి వద్దాం. సూర్యుడు రాలేదు గాని వచ్చేలా ఉన్నాడు. దానమ్మ గబగబా జెండాని వాలిన కొయ్య మీంచి విప్పింది. పడవ లోతు లేని చోట నెట్టడానికి వాడే పొడుగాటి గెడ ఒకటి పక్కన పడి ఉంది. దాని కొసకి జెండా కట్టింది. కొయ్య మళ్లీ లేచేసరికి గెడని దానికి ఆనించి పగ్గంతో రెండు చుట్లు చుట్టింది. చేల అవతల ఎర్రటి అంచు పైకి వచ్చింది. జెండా దానికంటే రెప్పపాటు ముందే ఎగిరింది.

"ఇప్పుడు మొదలెట్టండి లెక్క," అంది.

రెండో వంతెన వచ్చింది. అహరోను చెయ్యి మోకు మీదికి పోయింది. "ఆగవయ్యా!" అని దానమ్మ గెడ విప్పి నిలువుగా పట్టుకుంది. క్రీస్తుదాసు పడవని గట్టుకి దగ్గరగా లాగాడు. ఆవిడ చీర బొడ్లో దోపుకుని గట్టు మీదికి ఒక్క గెంతు గెంతింది. వెనకాల కొయ్య వాలింది, పడవ వంతెన కిందికి దూరింది. పైన దానమ్మ పొడుగాటి గెడ మీద జెండాతో గట్టు ఎక్కి, రోడ్డు దాటి, అవతల గట్టు దిగింది. కొయ్య లేచింది. జెండా మళ్లీ ఇంటి మీదికి వచ్చేసింది.

నాగభూషణరావు గారు పడవ గూట్లోంచి తల బయటికి పెట్టారు. మచ్చల లాల్చీతో పైన కూర్చోలేక గూట్లోకి చేరారు లెండి. "ఇదేం పద్ధతి? జెండా ఇంటి మీద ఉండాలి గాని రోడ్డు మీద నడవడమేమిటి?"

"ఇల్లు తల వంచి గుమ్మం దాటుతోందండి. అంతసేపూ ఎవరో ఒకరు పట్టుకోవద్దా?" అంది దానమ్మ ఆయాసపడుతూ.

ఆయన కాసేపు ఆలోచించారు. "దిగిందా, దిగలేదా" అన్నదే పందెం. దిగలేదు.

ఊళ్లు రావడం మొదలైంది. ఇక్కడ నాగభూషణరావు గారికి అసలు చిక్కు వచ్చి పడింది. ఊరు రాగానే ఆయన గట్టు మీదికి దిగి, నాలుగు మాటలు చెప్పి, జెండాలు పంచాలి. బొజ్జ మీద పీతతో ఎలా దిగుతారు? మారు బట్టలు తెచ్చుకోలేదు, సాయంత్రానికి తిరిగి రైలెక్కి ఇల్లు చేరే మనిషి కనుక. ఖద్దరు మీద మచ్చ పడితే జానకమ్మ గారు ఏమంటారో కూడా ఆయనకి తెలుసు. ఆ లాల్చీని ఆవిడ స్వయంగా నీలిమందు పెట్టి ఆరేశారు.

"దానమ్మా," అన్నారు గూట్లోంచి గొంతు తగ్గించి. "ఈ మూట తీసుకెళ్లి ఇంటికొకటి ఇచ్చెయ్యి."

"నేనాండి?"

"మరెవరు? అహరోను చుక్కాని వదలకూడదు కదా."

దానమ్మ జెండాల మూట నెత్తిన పెట్టుకుని దిగింది. "రావు గారు రాలేదా?" అని ఊరివాళ్లు అడిగితే, "వచ్చారండి. లోపల ఉపన్యాసం బట్టీ పడుతున్నారండి. మాట్లాడిస్తే మర్చిపోతారంట," అని చెప్పింది. గూట్లో నాగభూషణరావు గారు పళ్లు కొరుక్కున్నారు, కాని నిజం చెప్పడం కంటే ఇదే నయమనుకున్నారు.

ఒక ఊరి చివర చేలో బాతుల మంద ఉంది. కొల్లేటి వైపు నుంచి బాతులు తోలుకొచ్చినతను నాలుగు తడికెలు వంచి నీడ చేసుకున్నాడు. దానమ్మ అతని దగ్గరికి కూడా వెళ్లింది.

"మాకెందుకమ్మా," అన్నాడతను. "మాది ఇల్లు కాదు, తడికె. ఎల్లుండికి మరో చేలో ఉంటాం."

"రాత్రి ఎక్కడ పడుకుంటావు?"

"దీని కిందే."

"కూడు?"

"ఇక్కడే వండుకుంటాం."

"మరి ఇల్లని చెప్పడానికి నీకు నోరు రాదేంటయ్యా?" అని దానమ్మ జెండా అతని చేతిలో పెట్టింది. వచ్చేటప్పుడు గట్టు మీద తుమ్మముల్లు ఒకటి ఆవిడ మడమలో దిగింది. పీకి పారేసింది గాని సగం లోపలే ఉండిపోయింది.

గూటి కంతలోంచి నాగభూషణరావు గారు ఇదంతా చూశారు. మధ్యాహ్నమైంది, కడుపులో ఏమీ లేదు. పులిహోర వంతెన కింద ఉంది.

హరిజనోద్ధరణ మీద ఆయన ఎన్నో సభల్లో మాట్లాడారు. సహపంక్తి భోజనాలు జరగాలని కూడా అన్నారు. జరగాలన్నారు గాని ఎవరు, ఎప్పుడు అన్నది చెప్పలేదు. ఇప్పుడు దానమ్మ ఉడకేసిన తేగలు బుట్టలో పెట్టి ఆయన ముందుంచి, పక్కకి వెళ్లిపోయింది.

"తేగకి అంటు లేదు," అని నాగభూషణరావు గారు పైకే అన్నారు. ఎవరూ అడగలేదు. ఒకటి ఒలిచి తిన్నారు. రెండోది తిన్నారు. ఇంతలో వంట మూల నుంచి కొత్త చింతకాయ పచ్చడికి తిరగమోత వేసిన వాసన వచ్చింది. ఆయన మూడో తేగ చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయారు.

"ఆ పచ్చడిలో ఇంగువ వేశావా?"

"వేశానండి."

ఆయన మూడో తేగ బుట్టలో పెట్టేసి, వంట మూల వైపు జరిగారు.

"చేపలేవీ కలవలేదు కదా?"

"చేపల కుండ వేరండి. ఇది మీరొస్తున్నారని పొద్దున్నే విడిగా దంచానండి. క్యారేజీ పడకపోయినా పెడదామనే అనుకున్నానండి."

నాగభూషణరావు గారు అరిటాకులో వేడన్నం కలుపుకుని తిన్నారు. మొదటి ముద్ద తిన్నప్పుడు గూటి గుమ్మం వైపు చూశారు, ఎవరైనా చూస్తున్నారేమో అని. నాలుగో ముద్దకి చూడడం మానేశారు. మారు వడ్డించుకున్నారు. మజ్జిగ దగ్గర, "ఈ గూట్లో గాలి బాగా వస్తుందే," అన్నారు. ఎప్పుడైనా ఒక మనిషి ఇంకొకరి ఇల్లు మెచ్చుకునేది భోజనం అయ్యాకే కదా.

మధ్యాహ్నం తరువాత ఇంకో వంతెన వచ్చింది. దానమ్మ కుంటుకుంటూనే జెండా దాటించింది. అహరోను చుక్కాని దగ్గర నుంచి, "కాలేటయ్యిందే?" అన్నాడు. "ఏం కాలేదు, నువ్వు కొయ్య చూసుకో," అంది. సాయంత్రానికి మడమ వాచి నేల మీద పెట్టలేని స్థితికి వచ్చింది.

కైకరం వంతెన కనిపించేసరికి పొద్దు బాగా వాలిపోయింది. వంతెన నిండా జనం. గట్టు నిండా జనం. సభకి వచ్చిన వాళ్లంతా రావు గారి పడవ కోసం కాచుకున్నారు. కొందరి చేతుల్లో పూలదండలు కూడా కనిపించాయి.

దానమ్మ గెడ విప్పింది. లేవబోయి, మళ్లీ కూలబడింది.

పడవ ముందుకి పోతూనే ఉంది. చుక్కాని, కొయ్య అహరోను చూసుకోవాలి. తాడు క్రీస్తుదాసు వదిలితే పడవ వంతెన స్తంభానికి గుద్దుకుంటుంది. దానమ్మ కూర్చునే గెడని రెండు చేతులా నిలువుగా పట్టుకుంది. వంతెన కింద అంత పొడుగు గెడ పట్టదు. ఇంకాస్త దూరం పోతే జెండా దిగాలి.

"బాబుగారూ," అంది.

నాగభూషణరావు గారికి అర్థమైంది. అర్థం కాలేదన్నట్టు చూశారు.

"వంతెనొచ్చిందండి," అన్నాడు అహరోను. అతనికి ఇంకో మాట రాదు.

"ఇంత జనంలోకి ఈ లాల్చీతోనా? ఏం మాట్లాడుతున్నావు దానమ్మా! నా మొహం..."

దానమ్మ బతిమాలలేదు. "జెండా దించమంటే దించేస్తానండి. మా సత్యవతికి నేను చెప్పుకుంటాను. మీరొక్క మాట చెప్పండి. పొద్దున్నుంచి దీని కింద కూర్చుని, దీని కింద భోంచేసి, ఇది ఇల్లు కాదని మీరు చెప్పగలరాండి?"

నాగభూషణరావు గారు అరిటాకు ఉన్న చోటికి చూశారు. ఆకు కాలవలో వేసేశారు గాని, ఆ చోటు ఇంకా తడిగానే ఉంది.

ఆయన గెడ అందుకున్నారు. గట్టు మీదికి దానమ్మలా గెంతలేదు. ఒక కాలు నీళ్లలో పడింది, క్రీస్తుదాసు భుజం ఆసరా ఇచ్చాడు. పంచె మోకాళ్ల దాకా తడిసి, లాల్చీ మీద మూడు రంగులూ పీతా కొట్టొచ్చినట్టు కనపడుతుండగా, బొజ్జ ముందుంచుకుని, పొడుగాటి గెడ మీద జెండాతో నాగభూషణరావు గారు గట్టు ఎక్కారు.

జనం కళ్లన్నీ బొజ్జ మీది పీత దగ్గర ఆగాయి.

సభ ఏర్పాట్లు చూస్తున్న బడిపంతులు భీమశంకరం గారు ముందుగా తేరుకున్నారు. "చూడండి! చూడండయ్యా! దేశభక్తి అంటే అదీ!" అని కేక పెట్టారు. "ఇంటి మీద జెండా అందరూ కడతారు. రావు గారు ఒంటి మీదే అద్దించుకున్నారు!"

చప్పట్లు వంతెన అదిరేలా మోగాయి. పూలదండలు ఆయన మెడలో పడ్డాయి. నాగభూషణరావు గారు నిజం చెబుదామని నోరు తెరిచారు. తెరిచిన నోట్లో ఒక బంతిపూరేకు పడింది. దాన్ని ఊసేసరికి, నిజం చెప్పే సమయం దాటిపోయింది.

ఆయన రోడ్డు దాటి అవతల గట్టు దిగుతుంటే భీమశంకరం గారు వెంటపడి, "ఇంత పెద్ద గెడ మీద, చేత్తో కుట్టిన జెండా. ఎవరింటి మీదిదండీ ఇది?" అని అడిగారు.

నాగభూషణరావు గారు ఆగారు. వెనక్కి తిరిగి చూశారు. వంతెన నీడలోంచి పడవ ముక్కు మెల్లగా బయటికి వస్తోంది. గూట్లోంచి పొయ్యి పొగ, ముందు భాగాన కాలు చాపుకుని కూర్చున్న దానమ్మ, ఆవిడ వెనకాల వాలిన కొయ్య.

"దానమ్మ గారి ఇంటి మీదిది," అన్నారు అందరికీ వినపడేలా. "అదిగో, ఇల్లు వస్తోంది."

దానమ్మని ఎవరైనా "గారు" అనడం అహరోను ఎన్నడూ వినలేదు. చేతిలో మోకు జారింది. కొయ్య లేవడం రెప్పపాటు ఆలస్యమైంది. అయినా ఏం కాలేదు. జెండా నాగభూషణరావు గారి చేతిలో ఎత్తుగా ఉంది, ఇల్లు దాని కిందికి వచ్చి చేరింది, గెడ కొయ్యకి ఆనింది. గట్టు మీద ఎవరో వందేమాతరం అందుకున్నారు. తన ఒడ్డున ఆగిన ఇంటి మీద జెండాకి ఊరంతా నమస్కారం పెడుతుంటే, దానమ్మ లేవలేక కూర్చునే చేతులు జోడించింది. రేపు ఏలూరులో పడవ ఆగగానే సత్యవతికి ఏం చెప్పాలో అప్పటికే మాటలు కూర్చుకుంటోంది. ఎక్కువ మాటలు అక్కర్లేదని తేల్చుకుంది.

పొద్దుగూకాక సభ అయింది. ఉపన్యాసంలో "ఈ పతాకపు నీడలో" అన్న చోట నాగభూషణరావు గారు ఉలిక్కిపడి పైకి చూశారు. జనం అది భావావేశమనుకున్నారు. తరువాత ఆయన తన గొడుగు తీసుకుపోవడానికి పడవ దగ్గరికి వచ్చారు. జెండా అప్పటికి దించి మడత పెట్టేశారు. దానమ్మ దీపం దగ్గర మడమలో ముల్లు పిన్నీసుతో తీయించుకుంటోంది. అహరోను తీస్తున్నాడు, ఆవిడ తిడుతోంది.

దీపం వెలుగులో నాగభూషణరావు గారు తన లాల్చీని మొదటిసారి పూర్తిగా చూసుకున్నారు. దండలోని బంతిపూల పసుపు కూడా ఇప్పుడు దానికి తోడైంది. చప్పట్ల సంతోషమంతా ఒక్కసారి దిగిపోయింది.

"చిక్కుడు పసరు చాకలి బానలో ఉడకేసినా పోదు," అన్నారు దిగులుగా. "మసి అసలే పోదు. మీ ఇంట్లో అడుగుపెట్టిన పాపానికి చూడు ఏమైందో! ఇప్పుడు జానకికి ఏమని చెప్పుకోను, దానమ్మా?"

దానమ్మ "మీ ఇంట్లో" అన్న మాట దగ్గర తలెత్తింది. అహరోను చేతిలోంచి కాలు లాక్కుని, చీర సర్దుకుని, ఇల్లాలు చుట్టాన్ని సాగనంపేటప్పుడు నిలబడినట్టే కుంటుతూ గూటి గుమ్మంలో నిలబడింది.

"మొదటిసారి ఇంటికొచ్చి భోంచేసిన చుట్టానికి కొత్తబట్టలు పెట్టే స్తోమతు లేక, కట్టుకున్న బట్టకే రంగేసి పంపారని చెప్పండి, బాబుగారూ."